బుగ్గలో ప్రసాదం

ఒక మాట ఏండ్ల తరబడి నా మీద కూర్చుని ఉంది. పెద్ద మాటేమీ కాదు. ఒక డాక్టరమ్మ అడిగితే నేను చెప్పిన చిన్న జవాబు. చెప్పడానికి నిండా ఊపిరి కూడా తీసుకోలేదు. మోయడానికి మాత్రం ఇన్నేండ్లు పట్టింది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందైతే నేను మళ్లీ మంచిదానిలా కనిపించాలని చూస్తాను. ఆ గుణం నాలో ఉంది. జరిగిందంతా ఆ గుణం వల్లనే జరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే చదువు చెప్పాడు. అరుగు మీద ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. చదువుతో పాటు ఒక నియమం కూడా పెట్టాడు. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు మనకు అందిన మేలు ఒకటి పైకి చెప్పి దండం పెట్టాలి. "వాన పడ్డది, దండం." "బర్రె ఈనింది, దండం." ఏదో ఒకటి. ఏమీ దొరకని రోజు ఉండదని బాపు అనేవాడు. పెండ్లయి కోరుట్లకు వచ్చాక కూడా నేనది మానలేదు. కొన్నాళ్లకు వాడకట్టు ఆడవాళ్లు నన్ను భక్తురాలనడం మొదలుపెట్టారు. ఆ మాట నాకు తీపిగా ఉండేది. ఆ తీపిని కూడా మేలుల్లోనే కలుపుకున్నానేమో.

మా కొడుకు రాజేందర్ సిరిసిల్లలో సాంచాలు బాగుచేస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కోడలు లావణ్య అదే ఊళ్లో బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేసేది. చేతిలో పని ఉన్న పిల్ల. చేరిన కొన్నాళ్లకే ఒక వరుస మిషన్లన్నీ ఆమెకు అప్పజెప్పారు. వాళ్లుండే గది పక్కనే సాంచాలు నడిచేవి. పుట్టిన పిల్లకు ఆ చప్పుడులో నిద్ర లేదు. మా మనుమరాలు వైష్ణవికి, మా వైషుకు, ఏడాదిన్నర నిండగానే నేనే అడిగాను, నాకియ్యి బిడ్డా, నేను సాదుకుంటానని. లావణ్య ఏడ్చుకుంటూ ఇచ్చింది. ఆదివారం ఆదివారం ఇద్దరూ వచ్చి చూసిపోయేవాళ్లు. ఆ పిల్ల నా ఇంటికి వచ్చినందుకు ఎన్ని సాయంత్రాలు దండం పెట్టుకున్నానో.

పిల్ల కుదురుగా ఉండేది కాదు. పూజకు కూర్చుంటే ఒత్తులు పీకేది, గంట లాక్కునేది. ఒక పొద్దున దేవుడి ముందు పెట్టిన పటికబెల్లం ముక్క తీసి ఆమె బుగ్గలో పెట్టాను. ఇది కరిగేదాకా కదలొద్దు, దేవుడు చూస్తుంటాడు అన్నాను. కదలలేదు. కండ్లు మూసుకుని, చేతులు జోడించి, బుగ్గ ఉబ్బించుకుని కూర్చుంది. చూసి నా కండ్లల్లో నీళ్లు తిరిగాయి. నా కడుపున పుట్టినవాళ్లకు కూడా రాని భక్తి ఈ పిల్లకు వచ్చిందనుకున్నాను. పిల్ల కూర్చున్నది దేవుడి కోసమా, ముక్క కోసమా అని అప్పుడు అడగలేదు. అడిగితే జవాబు తెలిసేదే.

అప్పటి నుంచి పొద్దున పూజకొక ముక్క. పగలు నేను పారాయణం చదువుకుంటుంటే ఒక ముక్క. దాంతోనే నా తొడ మీద తల పెట్టి నిద్రపోయేది. దీపం వేళకు మళ్లీ ఒకటి. మా ఆయన పొలం నుంచి వస్తూనే దాని బుగ్గ గిచ్చేవాడు.

"ఏమే బుగ్గల కోతీ, ఏం దాచినవే?"

"దేవుని ప్రసాదం తాతా. నీకియ్య!"

నాలుక మీదికి తెచ్చి చూపించి, మళ్లీ బుగ్గలోకి నెట్టుకునేది. అందరం నవ్వుకునేవాళ్లం.

మా ఇంట్లో చాక్లెట్ ఉండేది కాదు. చుట్టాలెవరైనా తెస్తే గడప దగ్గరే ఆపి, పిల్లల పండ్లు ఖరాబైతయని వాపస్ ఇచ్చేదాన్ని. ఆ మాట అంటున్నప్పుడు కూడా పిల్ల బుగ్గలో ముక్క ఉండేది. నేను అబద్ధమాడుతున్నానా? అప్పుడు కాదు. ప్రసాదం కీడు చేస్తుందని నాకు తట్టనే లేదు. తట్టినా పాపమనుకునేదాన్ని. తెలియక చేసిన దాన్ని నేను తప్పుల్లో వేయడం లేదు. తప్పు తర్వాత మొదలైంది. ఎక్కడ మొదలైందో కూడా నాకు తెలుసు.

పిల్లకు మూడేండ్లు దాటాక ముందరి పై పళ్ల మీద, చిగుళ్ల దగ్గర సున్నపు గీతల్లా కనిపించాయి. తర్వాత అవి పసుపయ్యాయి, తర్వాత తేనెరంగు. ఒక పొద్దున తడిబట్టతో పళ్లు తుడుస్తుంటే కుడివైపు దవడ పంటిలో నా వేలికి గుంట తగిలింది. దాని పక్క పంటిలో ఇంకొకటి. ఎడమవైపు చూశాను. అక్కడ పళ్లు చాలావరకు బాగానే ఉన్నాయి. నేను ముక్క పెట్టేది ఎప్పుడూ కుడి బుగ్గలోనే. నా చేతి వాటం అది.

అర్థం కాలేదని ఎట్లా అనను? అర్థమైంది. ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమయ్యాక ఏం చేశానో మొన్నటిదాకా ఏ మనిషి ముందూ చెప్పుకోలేదు. మీకు చెబుతున్నాను.

ముక్కను ఎడమ బుగ్గకు మార్చాను.

మానలేదు. మార్చాను. కుడి బుగ్గకు కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మానేస్తే పూజ దగ్గర పిల్ల కూర్చోదు. కూర్చోకపోతే, చూడండి ఈ బాపమ్మ పెంపకం, ఈ పిల్ల భక్తి అని వాడకట్టువాళ్లు మెచ్చుకునేది పోతుంది. నిజానికి అంతకన్నా లోపల ఇంకొకటి ఉంది. దేవుడి దగ్గరిది, నా చేతి మీదుగా పోయినది, ఇంత పని చేసిందంటే, ఆ దేవుడికీ నాకూ మధ్య నేను కట్టుకున్నదేదో కూలిపోతుందని భయం. దాన్ని నిలబెట్టుకోవడానికి ఒక పిల్ల నోటిని వాడుకున్నాను.

ఒక ఆదివారం లావణ్య అన్నం తినిపిస్తూ చూసింది. వేడి తగిలి పిల్ల కేక పెట్టింది. ఆ వారంలోనే జగిత్యాలలో పిల్లల పళ్లు చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయాం. లావణ్య, నేను, పిల్ల.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పిల్ల నోట్లో చిన్న అద్దం పెట్టి ఓపికగా చూసింది. తర్వాత స్టూలు మా వైపు తిప్పుకుంది.

"చూడున్రమ్మా, ముందటి నాలుగు పండ్లకు మందు పూస్తా. పుచ్చు ఆగిపోతది. గీకుడుండది, సూదుండది. కాని పుచ్చిన కాడ నల్లగైతది. అవి ఊడి కొత్తవి వచ్చేదాంక నల్లగనే ఉంటయి. మీకు సమ్మతమేనా?"

"నొప్పి లేకుంటె చాలు మేడం. నలుపుదేముంది," అంది లావణ్య.

"దవడ పండ్లకు రెండు తీర్లున్నయి. పుచ్చు గీకి సిమెంటు పెట్టొచ్చు. లేకుంటె స్టీలు క్యాపులు తొడగొచ్చు. సిమెంటైతె పంటి రంగుల ఉంటది, పాపకు తిప్పల తక్కువ. కాని నోట్ల తీపి ఆగితెనే నిలుస్తది. రోజూ తీపి తగిలే నోరైతె సిమెంటు చుట్టు మల్ల పుచ్చుతది. గసొంటి పిల్లలకు క్యాపులే మేలు. అందుకే అడుగుతున్న. పాప ఏం తింటది? నోట్ల ఏమన్న పెట్టుకొని పండుకుంటదా?"

లావణ్య నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. గర్వం ఉంది.

"ఇంట్ల మా అత్తమ్మనే చూసుకుంటది మేడం. చాక్లెట్‌ను గడప తొక్కనియ్యది."

డాక్టరమ్మ నన్ను చూసింది. నేనన్నాను.

"ఏం పెట్టనమ్మా. నోట్ల ఏముండది."

కుర్చీలో పడుకున్న పిల్ల తల ఎత్తింది. "బాపమ్మా, దేవుని…"

నేను దాని గదుమ పట్టుకున్నాను. మెత్తగానే పట్టుకున్నాను. "నోరు తెర్వు బిడ్డా. పెద్దగ తెర్వు. డాక్టరమ్మ చూస్తది."

పిల్ల నోరు తెరిచింది. మాట లోపలికి పోయింది. నోరు తెరవమన్న మాటతోనే పిల్ల నోరు మూయించాను. ఆ గదిలో ఎవరికీ అది కనిపించలేదు. నాకు కనిపించింది.

"మరి ఇన్ని ఎట్ల పుచ్చినయ్?" అంది డాక్టరమ్మ, తనలో తాను అనుకున్నట్టు.

లావణ్య తల దించుకుంది. "నేను డ్యూటీకి పోయేదాన్ని మేడం. ఏడాదిన్నర దాంక సీసపాలే. సీస నోట్ల పెట్టుకొనే పండుకునేది."

"అదే అయ్యుంటది. అయిపోయినదానికి ఏం చేస్తం? ఇప్పుడు తీపి లేదంటున్నరు కాబట్టి సిమెంటే పెడదాం."

అంతే జరిగింది. ఆమె మంచి డాక్టరు. అడగాల్సింది అడిగింది, ఎందుకు అడుగుతున్నదో కూడా చెప్పింది. నా జవాబును బట్టే వైద్యం నిర్ణయిస్తానని నా మొఖం మీదే చెప్పింది. నేను చదువురాని దాన్ని కాను, ఆ మాట అర్థం కాకపోవడానికి. ప్రసాదం మిఠాయి కాదు కదా, నేనేం అబద్ధమాడాను అని తర్వాత చాలాసార్లు లోపల వాదించుకున్నాను. ఆ వాదన నిలవదు. ఆమె అడిగింది మిఠాయి గురించి కాదు. నోట్లో ఏమైనా పెట్టుకుంటుందా అని అడిగింది.

బస్సులో వస్తుంటే లావణ్య కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. "నా వల్లనే అత్తమ్మా. నౌకరి నౌకరి అని సీస చేతికిచ్చిన." నేను ఆమె వీపు నిమిరాను. "ఊకో బిడ్డా, తెలిసి చేసినవా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. తెలిసి చేసినదాన్ని నేను. ఓదార్పు కోసం ఆమె నా భుజం మీద తల పెట్టుకుంది. మేడిపల్లి దాటేదాకా అట్లాగే ఉంది.

ఇంటికొచ్చాక ముక్క మానేశాను. కొన్నాళ్లే. పూజ దగ్గర పిల్ల చెయ్యి చాచి, నోరు తెరిచి కూర్చునేది. ఇయ్యకపోతే, దేవుడికి కోపమొచ్చిందా బాపమ్మా అని అడిగేది. చిన్న ముక్క ఇస్తే ఏమవుతుంది, ఇప్పుడు సిమెంటు ఉంది కదా అనుకున్నాను. చిన్న ముక్క కొన్నాళ్లకు మళ్లీ పాత ముక్క అయింది. ఇంకొకటి కూడా ఉంది. ఒక్కసారే పూర్తిగా మానేస్తే ముందు పెట్టినట్టు ఒప్పుకున్నట్టే. ఎవరి ముందు? ఇంట్లో పగలంతా నేనూ పిల్లే. అయినా ఎవరో చూస్తున్నట్టే ఉండేది. చూస్తున్నది ఎవరో నాకు తెలియక కాదు.

ముందరి పళ్లు డాక్టరమ్మ చెప్పినట్టే నల్లబడ్డాయి. మంచిగా ఉన్నంత మేర తెల్లగానే ఉండి, పుచ్చిన చోట మాత్రం కాటుక పెట్టినట్టయ్యాయి. పాడైన జాగా ఎంతో అంతే చూపించే మందు అది. నాకు ఆ మందంటే భయం వేసేది. గొల్లపల్లిలో ఒక పెండ్లికి పోతే మా ఆడబిడ్డ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నవ్వించి, నోట్లోకి చూసి, పదిమందిలో కేకేసింది.

"ఏమే లావణ్యా, పిల్లకు పాలిచ్చినవా, పాన్ పెట్టినవా?"

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. ఇంకొకామె అందుకుంది. "సీసపాల పిల్ల గదా. నౌకరి చేసే తల్లుల పిల్లలు గట్లనే ఉంటరు తియ్యి." లావణ్య కూడా నవ్వింది. నవ్వి, విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కోవడానికి పోయి చాలాసేపు రాలేదు. నేను అక్కడే కూర్చున్నాను. పప్పు కలుపుకుంటున్నాను. నా నోట్లో ఒక మాట ఉంది. ముద్దతో పాటు దాన్ని కూడా మింగాను.

పిల్లను మళ్లీ తెచ్చి చూపించమని డాక్టరమ్మ ముందే చెప్పింది. సిమెంటు అంచులు రాలుతున్నాయని నాకు వేలికి తెలుస్తూనే ఉంది. అందుకే తీసుకుపోలేదు. లావణ్య ఫోన్‌లో అడిగితే, బాగనే ఉంది బిడ్డా, తింటుంది, ఆడుతుంది అన్నాను. ఒక పొద్దున పిల్ల లేచేసరికి మొఖం ఒక పక్క ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఎడమ పక్క. నేను మార్చిన బుగ్గ.

మా ఆయన బండి మీద జగిత్యాలకు తీసుకుపోయాం. లావణ్య సిరిసిల్ల నుంచి నేరుగా వచ్చింది, పనిలో కట్టుకునే యూనిట్ చీర కూడా మార్చుకోకుండా. ఎడమవైపు దవడ పన్ను ఒకటి వేరుదాకా చీము పట్టిందని, ఇక కాపాడలేమని డాక్టరమ్మ చెప్పింది. వాపు తగ్గాక ఆ పన్ను తీసేసింది. మిగిలిన దవడ పళ్లకు స్టీలు క్యాపులు తొడిగింది. మొదటిరోజే నేను నిజం చెప్పి ఉంటే ఆ క్యాపులు అప్పుడే పడేవి. ఆ పన్ను ఉండేది.

"ఇట్ల కావద్దు," అంది డాక్టరమ్మ. "ఏదో తీపి నోట్ల నిలుస్తున్నది. ఎవరు పెడుతున్నరు?"

కోపంగా అనలేదు. అయినా లావణ్య ఉలిక్కిపడింది. "మేమే మేడం. ఆదివారం వచ్చినప్పుడు బిస్కెట్ పుడలు తెస్తం." నేను గోడకున్న పళ్ల బొమ్మల పటం వైపు చూస్తున్నాను. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో అంటున్నారు. చెప్పలేదు. రెండోసారి చెప్పకపోవడం మొదటిసారి కన్నా తేలిక. అది నాకు ఆరోజు తెలిసింది.

వారం తిరక్కుండా లావణ్య పని మానేసింది. యూనిట్ వాళ్లు ఆగమన్నారట. వినలేదు. పిల్లను తీసుకుపోవడానికి వచ్చినరోజు వంగి నా కాళ్లు మొక్కింది. "మీకు భారం చేసిన అత్తమ్మా. మీరు చూసుకున్నరు కాబట్టి ఇంతటితోటి పోయింది. లేకుంటె నా బిడ్డ ఏమయ్యేదో." నాకు కృతజ్ఞత అంటే ఏమిటో తెలుసనుకునేదాన్ని. చిన్నప్పటి నుంచి రోజూ చెప్పినదాన్ని కదా. అర్హత లేని చోట పడితే అది ఎట్లా కాలుతుందో అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చుంటే ఏమీ రాలేదు. ఏమీ దొరకని రోజు ఉండదన్నాడు బాపు. ఆరోజు దొరకలేదు.

సిరిసిల్లలో తల్లి దగ్గర పిల్ల నోరు ఇక పాడుకాలేదు. క్యాపులు నిలిచాయి. నల్లపళ్లు ఊడి, మల్లెమొగ్గల్లాంటి పళ్లు వచ్చాయి. పన్ను తీసిన జాగాలో మాత్రం పక్కది జరిగి, కొత్త పన్ను వంకరగా మొలుస్తోంది. అందరూ, తల్లి చేతికి రాగానే పిల్ల బాగుపడ్డది, ముందే ఉంటే ఇంత కాకపోవు అన్నారు. లావణ్య కూడా అదే అంది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టింది. ఇన్నేండ్లూ అంతే. తర్వాత బాబు పుట్టాడు.

మొన్న నేను సిరిసిల్లకు పోయాను. నేనున్నప్పుడే యూనిట్ నుంచి మేడం ఫోన్ చేసింది. కొత్త వరుస పెడుతున్నారట, చూసుకోవడానికి లావణ్యే కావాలట. లావణ్య మొఖం ఒక్కసారి వెలిగింది. నేను చూశాను. వెంటనే ఆరిపోవడం కూడా చూశాను. "రాను మేడం. బాబు చిన్నోడు. ఒక్కసారి చేసిన తప్పు చాలు," అని పెట్టేసింది.

తట్టుకోలేక ఆ సాయంత్రం సగం చెప్పాను. వైషు నా దగ్గరున్నప్పుడు రోజూ ప్రసాదం ముక్క బుగ్గలో పెట్టేదాన్ని బిడ్డా, దాంతో కూడా పుచ్చి ఉంటాయేమో అన్నాను. లావణ్య నవ్వింది. "ప్రసాదమేనాయె అత్తమ్మా. మీకేం తెలుసు? సీసపాలు పోసింది నేను." క్షమించేసింది. తెలియకపోవడాన్ని క్షమించింది. నేను చేసినది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. సగం చెప్పి పూర్తి క్షమాపణ తీసుకోవడం, అది కూడా ఒక రకం దొంగతనమే కాదా? అయినా ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాను. నాకు నా మీద అసహ్యం వేసింది ఆ అన్నం వల్లనే.

తెల్లారి వైషు పరుగెత్తుకుంటూ వచ్చింది. అరచేతిలో పన్ను. స్టీలు క్యాపుతో సహా ఊడింది, పైన మెరుస్తూ, కింద చిన్న ఎముక ముక్కలా.

"బాపమ్మా, స్టీలు పన్ను ఊడింది! ఇంటి మీద ఎయ్యనా?"

మా వైపు ఊడిన పాలపన్ను ఇంటి మీద వేస్తారు. లావణ్య వచ్చి దాన్ని తీసుకుంది. "వద్దు బిడ్డా. ఇది నేను దాచుకుంట. నా తప్పు నాకు యాదుండాలె." కుట్టుమిషన్ సొరుగు తెరిచి, దారపు కండెల పక్కన పెట్టింది.

తమ్ముడిని ఎత్తుకుని వాకిట్లోకి పొమ్మని పిల్లకు చెప్పాను. తర్వాత చెప్పాను. నిలబడే చెప్పాను. గుంట నా వేలికి తగిలిన పొద్దు, బుగ్గ మార్చిన సంగతి, డాక్టరమ్మ అడిగింది, నేనన్నది, వైషు గదుమ పట్టుకున్నది. గొల్లపల్లి పెండ్లి. బిస్కెట్ పుడల మాట. ఏ మాటకూ ప్రసాదమని, పెద్దదాన్నని, భయమని చేర్చలేదు. చేర్చాలని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

లావణ్య మిషన్ మీద చెయ్యి పెట్టి విన్నది. ఒక్కటే అడిగింది.

"గా రోజు పాప చెప్పబోయిందా?"

"చెప్పబోయింది."

లావణ్య ఏడవలేదు. తిట్టినా బాగుండేదని అప్పుడు అనిపించింది. అట్లా అనిపించడం కూడా నా సుఖం కోసమే అని తర్వాత తెలిసింది. ఆమె సొరుగు తెరిచి, పన్ను తీసి, వాకిట్లోకి పోయి వైషు చేతిలో పెట్టింది.

"పో, ఇంటి మీద ఎయ్యి."

రేకుల మీద అది పడి, దొర్లిన చప్పుడు లోపలికి వినిపించింది. అక్కడి నుంచే లావణ్య ఫోన్ చేసింది. "మేడం, సోమారం నుంచి వస్త." లోపలికి వచ్చి నాకు చాయ్ పెట్టింది. గ్లాసు నా ముందు ఉంచుతూ అంది. "బాబును పక్కింటి ఎల్లవ్వ చూసుకుంటది." అత్తమ్మా అనలేదు. నాకియ్యి బిడ్డా అని ఈసారి నా నోటికి రాలేదు. రాకూడదు కూడా.

ఆమె క్షమించలేదు. నేను అడగలేదు. రేపు క్షమిస్తుందో లేదో తెలియదు. వైషు పెద్దయ్యాక ఆమెకు కూడా నేనే చెప్పాలి. వంకర పన్ను ఆమెది కదా. కొడుకుకు లావణ్య చెప్పిందో లేదో ఇంకా తెలియదు. వాడి ఫోన్ రాలేదు. ఇప్పుడు పటికబెల్లం దేవుడి ముందు పెట్టడం లేదు. తులసాకు, నీళ్లు. ఆయనకు ఏదైనా ఒకటే. ముక్క కావాల్సింది ఆయనకు కాదు.

కోరుట్లకు తిరిగొచ్చిన సాయంత్రం దీపం పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు, మా ఆయన ఇంకా పొలం నుంచి రాలేదు. ఎప్పట్లాగే ఆనాటి మేలు కోసం వెతుక్కున్నాను. బరువు దిగిందనను. అది నాదే, నాతోనే ఉంటుంది. కానీ ఇన్నేండ్లుగా దానికి కాపలా కాసే పని ఒకటి ఉండేది. ఆ పని లేదు.

"నోరు తెరిచాను, దండం."